ఇంట్లో పాపాయి ఫొటోలు సరిగా రావడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పసిపిల్లల ఫొటో బాగా రాకపోతే ముందు కెమెరాను అనుమానిస్తాం. కొత్త లెన్స్ కొనాలేమో అన్న ఆలోచన కూడా అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు మార్చవలసింది మాత్రం పరుపు వేసిన చోటు. అందుకే కింద ఏ సమస్య వచ్చినా ముందు పరుపు, తర్వాత మీరు నిలబడిన చోటు, ఆఖరున కెమెరా మీటలు అన్న వరుసలో చూసుకోండి.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎం.ఎం. కిట్ లెన్స్ ఉన్న మామూలు కెమెరా, వీలైతే ఒక 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, స్పష్టంగా ఉండే లోతు తగ్గుతుంది), ఒక కిటికీ, రెండు తెల్ల పంచెలు చాలు. ఫోనుతో తీసేవారికీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది. పరుపు నేల మీదే వేయండి. బిడ్డ పైకి వంగి తీసేటప్పుడు కెమెరా పట్టీ మెడలో ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

ముఖం భయపెట్టేలా కనిపిస్తోంది

గడ్డం, ముక్కు కింది భాగం వెలిగిపోతూ కళ్లు, నుదురు చీకట్లో ఉంటాయి. ముక్కు నీడ నుదుటి వైపు పోతుంది. ఇలా వచ్చిందంటే బిడ్డ కాళ్లు కిటికీ వైపు ఉన్నాయని అర్థం. నిలబడ్డ మనిషి మీద వెలుగు పైనుంచి పడటం మన కళ్లకు అలవాటు. పడుకున్న బిడ్డకు ‘పైన’ అంటే తల వైపు. వెలుగు పాదాల నుంచి వస్తే మొత్తం తలకిందులవుతుంది.

పరుపును తిప్పి తల కిటికీ వైపు పెట్టండి. తర్వాత పరుపును నేల మీదే 45 డిగ్రీలు పక్కకు తిప్పండి. ముక్కు నీడ చిన్నగా పెదవి చివర వైపు జారితే చోటు కుదిరినట్టే. ఇది కంటికే తెలుస్తుంది, కెమెరా తీయనక్కర్లేదు. బిడ్డ లేవకముందే ఒక బొమ్మను పడుకోబెట్టి చూసుకోవచ్చు కూడా. కిటికీ ఉత్తరాన ఉంటే తల అటు పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెబుతారు. వాదన పెట్టుకోకండి. తల తూర్పుకు పెట్టి వెలుగు పక్కనుంచి పడనిచ్చినా ఫొటో బాగుంటుంది.

ఒక చెంప మరీ తెల్లగా వెలిసిపోయింది, రెండోది నల్లగా ఉంది

ఎండ నేరుగా పడుతోందేమో చూడండి. పడితే కిటికీ ఊచల నీడలు కూడా బిడ్డ ముఖం మీద గీతల్లా వస్తాయి. కర్టెన్ కడ్డీకి ఒక తెల్ల పంచె వేలాడదీయండి. పలుచని నేత గుండా వచ్చే వెలుగు కిటికీ అంతటి మెత్తని దీపంలా పనిచేస్తుంది. రెండో పంచెను కుర్చీ మీద ఆరవేసి, చీకటి చెంప వైపు రెండడుగుల దూరంలో పెట్టండి. కుర్చీని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఆ చెంపను గమనిస్తే నీడ ఎలా తేలికపడుతుందో తెలుస్తుంది. నీడ పూర్తిగా పోయేంత దగ్గరకు తేవద్దు, ముఖం చదునైపోతుంది.

పంచె కట్టినా తేడా తగ్గకపోతే పరుపు కిటికీకి మరీ ఆనుకుని ఉన్నట్టు. మూడు నాలుగడుగులు వెనక్కి జరిపితే రెండు చెంపలకూ అందే వెలుగులో తేడా తగ్గుతుంది. మొత్తం వెలుగూ కొంత తగ్గుతుంది, అది భరించవలసిందే.

ఉత్తరపు కిటికీలో ఎండ పడదన్న సలహా మన దగ్గర ఏడాది పొడవునా నిలవదు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు వరకు సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. హైదరాబాదులో మే మధ్య నుంచి జులై చివరి వరకు మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి కొంచెం ఉత్తరానే ఉంటాడు. పంచె సిద్ధంగా ఉంచుకోండి.

తెల్ల దుప్పటి బూడిదరంగులో, ముఖం ముదురుగా వచ్చింది

ఎదురుగా ఏది కనిపించినా సగటున అది నడిమి బూడిదరంగు అనుకుని కెమెరా వెలుగును కొలుస్తుంది. చుట్టూ తెలుపే ఉంటే వెలుగు ఎక్కువైందని పొరపడి తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా కొలిచిన వెలుగును మనం పెంచే, తగ్గించే మీట) +0.7 నుంచి +1 వరకు పెంచండి. ముదురు రంగు పట్టుచీర పరిచి తీస్తే దీనికి వ్యతిరేకంగా జరిగి ముఖం పాలిపోతుంది. అప్పుడు -0.7 పెట్టండి.

నుదుటి మీద, బుగ్గల మీద మాత్రమే తెల్లని మెరుపులు ఉంటే అది నూనె. ఒళ్లు రుద్ది స్నానం చేయించిన వెంటనే తీయకుండా మెత్తని గుడ్డతో అద్ది తీయండి. పౌడరు వద్దు, అది బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చర్మం రంగు ఏదోలా ఉంది

కిటికీ వెలుగుతో పాటు గదిలో బల్బు కూడా వెలుగుతోందా? ఒక పక్క పసుపు, మరో పక్క నీలం వస్తే అదే కారణం. రెండు రకాల వెలుగును ఒకే ఫొటోలో కెమెరా సరిచేయలేదు. బల్బులన్నీ ఆర్పేసి వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగుకు తగ్గట్టు రంగులను సరిచేసే అమరిక) డేలైట్‌లో, అంటే పగటి వెలుగులో పెట్టండి. ఆకుపచ్చ ఛాయ మాత్రమే ఉంటే గోడ రంగును చూడండి. ఎర్ర చీర కట్టుకుని పక్కన కూర్చున్నవారి వల్ల కూడా బుగ్గ ఎరుపెక్కుతుంది. గోడ మీద పంచె కప్పవచ్చు. చీర మార్చుకోమనడం మీ చేతిలో పని.

అన్నీ సరిచేసినా నవజాత శిశువు పసుపుగానే కనిపిస్తే ఫొటో పక్కన పెట్టండి. పగటి వెలుగులో బిడ్డ చర్మాన్ని, కళ్లలోని తెల్లభాగాన్ని చూడండి. అక్కడా పసుపు ఉంటే కామెర్లు కావచ్చు. అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి.

చిన్న తెరపై బాగుంది, పెద్దది చేస్తే మసక

మసకలన్నీ ఒకటి కావు, మందూ ఒకటి కాదు. ఫొటోను నూరు శాతం పెద్దది చేసి దుప్పటి నేతను చూడండి. దారాలు స్పష్టంగా ఉండి చేతులు మాత్రమే చెదిరితే బిడ్డ కదిలింది. దారాలతో సహా అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టు ఉంటే మీ చేయి కదిలింది. చెవి అంచు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తూ కంటిరెప్పలు మసకబారితే ఫోకస్ తప్పింది.

మొదటి రెండింటికీ మందు షట్టర్ వేగమే, అంటే ఫొటో తీసేటప్పుడు షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని తగ్గించడమే. నిద్రపోతున్న బిడ్డకు 1/125 సెకను చాలు. మేలుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే 1/250, పాకుతుంటే 1/500 కావాలి. అందుకు ఐఎస్ఓను (తక్కువ వెలుగులోనూ ఫొటో తీసేలా కెమెరా సున్నితత్వాన్ని పెంచే అంకె) 1600 వరకు, అవసరమైతే 3200 వరకు పెంచడానికి వెనకాడకండి. ఐఎస్ఓ పెంచడం వల్ల గరుకుగా వచ్చిన ఫొటోను తర్వాత కొంతవరకు బాగుచేయవచ్చు, చెదిరినదాన్ని బాగుచేయలేం.

ఫోకస్ తప్పడానికి తరచుగా కారణం ఎఫ్ 1.8 మీది మోజు. మామూలు ఏపీఎస్-సీ కెమెరాపై (మధ్యస్థ పరిమాణపు సెన్సర్, అంటే బొమ్మను పట్టే పలక ఉన్నది) 50 ఎం.ఎం. లెన్స్‌తో మీటరు దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ముక్కు కొస నుంచి చెవి దాకా ఉన్న దూరానికి అది సరిపోదు. ఎఫ్ 4కు వెళితే అది ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వెనుక దుప్పటి అప్పటికీ మసకగానే ఉంటుంది. ఫోకస్ బిందువును కూడా కెమెరాకు వదిలేయకుండా దగ్గరగా ఉన్న కంటి మీద మీరే పెట్టండి. నలుపు తెలుపుల తేడా ఎక్కడ ఎక్కువగా ఉంటే కెమెరా అక్కడికి పోతుంది. మూసిన రెప్పకన్నా బుగ్గ మీది దిష్టిచుక్క దానికి సులువైన గురి.

బటన్ నొక్కినా కెమెరా ఫొటోయే తీయడం లేదంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. 50 ఎం.ఎం. లెన్స్‌లు సాధారణంగా 35 నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఫోకస్ కావు.

ఫొటో మీద అడ్డంగా చారలు

రాత్రి ట్యూబులైటు, ఎల్ఈడీ వెలుగులో వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. షట్టర్‌ను 1/100 లేదా 1/50కి తగ్గించి, సైలెంట్ మోడ్ (చప్పుడు లేకుండా తీసే అమరిక) ఆపేయండి. ఆ వేగానికి నిద్రపోతున్న బిడ్డను మాత్రమే తీయగలరు.

తల పెద్దది, కాళ్లు బుల్లివి

ఇది దూరం తెచ్చే తిప్పలు. ఫోనును ముఖం దగ్గరకు తెస్తే దగ్గరున్న ముక్కు, నుదురు ఉబ్బుతాయి. మీటరున్నర వెనక్కి వెళ్లి ఫోనులో 2ఎక్స్, కిట్ లెన్స్‌లో 55 ఎం.ఎం. వైపు వాడండి.

అన్నీ పొగపట్టినట్టు ఉన్నాయి

ముందు లెన్స్ మీద వేలిముద్రలు తుడవండి. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న వరండాలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. విశాఖ, విజయవాడ వైపు ఈ ఇబ్బంది ఎక్కువ. కెమెరాను సంచిలోనే ఉంచి అరగంట ఆగండి. స్నానం తర్వాత సాంబ్రాణి వేసే ఇళ్లలో ఆ పొగ కూడా ఫొటోను వెలవెలబోయేలా చేస్తుంది. కిటికీ తెరిచి పొగ పోయాక మొదలుపెట్టండి.

బిడ్డ అసలు ఉండటం లేదు

పాలు తాగి, తేన్పు వచ్చాక తీయండి. బట్టలు తీసి తీస్తుంటే ఫ్యాను, ఏసీ ఆపండి. గడ్డం కింద చేతులు పెట్టి కూర్చోబెట్టే భంగిమలు రెండు ఫొటోలను కలిపి చేసేవి, ఇంట్లో ప్రయత్నించకండి. మొదటి రెండు వారాల్లో నిద్ర ఫొటోలు తేలిక. తల నిలబెట్టే మూడు నాలుగు నెలల వయసులో బోర్లా పడుకోబెట్టి, పక్కనే ఒకరిని కూర్చోబెట్టి, మీరూ నేల మీద పడుకుని కంటి ఎత్తులో తీయండి. తనంతట తానే బోర్లా పడి బొబ్బట్లు పంచే రోజు ఫొటో కావాలంటే కెమెరాను ఆ వారమంతా చేతికందే చోట ఉంచాలి. చెప్పి చేయించడం కుదరదు.

కంటిపాపలో ఎరుపు, లేదా తెలుపు

ఎరుపుకు కారణం కెమెరా ఫ్లాష్. వెలుగు కంటి వెనక పొరను తాకి తిరిగి వస్తుంది. ఫ్లాష్ ఆపేయండి. విడి ఫ్లాష్ ఉంటే తెల్లని పైకప్పు వైపు తిప్పండి.

తెల్లటి మెరుపు వేరే సంగతి. కొన్ని కోణాల్లో ఆరోగ్యకరమైన కన్ను కూడా ఒకటి రెండు ఫొటోల్లో అలా కనిపించవచ్చు. అదే కన్ను మళ్లీ మళ్లీ తెల్లగా వస్తే మాత్రం శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. రెండోది తొందరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వంటి చోట్ల దీనికి చికిత్స ఉంది. ఆ ఫొటోలను బాగోలేవని తొలగించకండి. తీసిన తేదీలతో సహా ఫోనులో ఉంచి కంటి డాక్టరుకు చూపించండి.