కలివి పొద పెంచుదాం, 2వ పాఠం: పండు నుంచి మొక్క దాకా

కిందటి పాఠంలో కలివి అనే ఈ ముళ్ళపొదకి చోటు చూసుకోమన్నాను కదా, ఎండ బాగా తగిలే మూల, పిల్లలు తిరిగే దారికి కాస్త దూరంగా. ఇక విత్తనం సంగతి.

కలివి పండ్లు దొరక్కపోతే దాని దగ్గరి చుట్టం వాక్కాయ తీసుకోండి, వానాకాలంలో మార్కెట్లో దొరుకుతుంది, పద్ధతి ఒకటే. పప్పులోకి కొనే పచ్చి కాయ మాత్రం పనికిరాదు, నల్లగా పండి నొక్కితే మెత్తగా ఉండాలి. కోస్తే తెల్లటి పాలొచ్చి వేళ్ళకి జిగురుగా అంటుకుంటుంది, లోపల గింజలు పల్చగా ఉంటాయి, గుజ్జు పిసరంత కూడా లేకుండా రెండుమూడు నీళ్ళల్లో కడిగి నీడలో ఆరబెట్టి వెంటనే వేసెయ్యండి. డబ్బాలో దాచి వచ్చే ఏడు వేద్దాం అనుకోవద్దు, వీటికి మొలకెత్తే శక్తి తొందరగా పోతుంది.

కవర్లో ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి అర అంగుళం లోతులో గింజ పెట్టండి. మట్టి తడిగా ఉంటే చాలు, నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. మొలిచాక కూడా మెల్లగానే పెరుగుతుంది, కంగారుపడి యూరియా వెయ్యకండి, వచ్చే ఏడు తొలకరికి నేలలో నాటుకోవచ్చు. కంచెలా కావాలంటే మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదలండి.

ఇంత ఓపిక ఎందుకంటే, మన పొదలకున్న విలువ మనకే తెలీట్లేదు. కడప జిల్లా కలివి కోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986లో సిద్ధవటం వైపు మళ్ళీ దొరికింది, అది బతికేది ఇలాంటి ముళ్ళపొదల మధ్యే, ఆ పొదలు కొట్టేస్తే దానికి ఇంకో చోటు లేదు. మన పెరట్లోకి అది రాదనుకోండి, కానీ పిగిలిపిట్టలు తప్పకుండా వస్తాయి. ముళ్ళ మధ్య గూడు కడితే పిల్లి చెయ్యి పెట్టడం కష్టం, పండ్లు కూడా అక్కడే దొరుకుతాయి. అందుకే పొద గుబురుగా ఉండాలి, పండ్లన్నీ మనమే కోసేసుకోకూడదు, పురుగుమందు అసలు కొట్టకూడదు, పిట్టలు తమ పిల్లలకి తినిపించేది ఆ పురుగుల్నే.

ఈ వారం పండ్లు సంపాదించి గింజలు వేసెయ్యండి. కత్తిరింపు 3వ పాఠంలో, అప్పటిదాకా పెద్ద పొద ఉన్నవాళ్ళు కత్తెర ముట్టుకోకండి, ముందు లోపల గూడుందేమో చూడాలి.