రోగులతో పెద్దగా పనిలేని ఆసుపత్రి ఉద్యోగం: కొత్త దేశానికి వచ్చినవారికి సూచనలు

ముందుగా ఒక మాట. పోస్టు పేరు చూసి లెక్క వేసుకోకండి. ఎక్స్‌రే టెక్నీషియన్ అంటే మెషీన్‌తోనే పని అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ ఒక మనిషిని పడుకోబెట్టాలి, తిప్పాలి, ఊపిరి బిగబట్టించాలి. ఫార్మసీ కౌంటర్‌లో ఉంటే రోజంతా మాటలే. అదే ఫార్మసీలో, లోపలి క్లీన్‌రూమ్‌లో సెలైన్లలో మందులు కలిపేవాళ్లకి రోగి ముఖమే కనబడదు.

తర్వాత చూడాల్సింది లైసెన్సు. ల్యాబ్ టెక్నాలజిస్టు, ఫార్మసిస్టు ఉద్యోగాలకు చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మార్కుల జాబితాలు మీరు ఇస్తే సరిపోదు, యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలంటారు. నెలలు పట్టేది సాధారణంగా ఇక్కడే. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఫైలు ఆగిపోవచ్చు. ఇద్దరూ ఒకరేనని తెలిపే అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి.

ఈలోగా ఖాళీగా కూర్చోకుండా చేరాలంటే మా ఓటు స్టెరిలైజేషన్ విభాగానికే, అంటే ఆపరేషన్ పరికరాలను కడిగి క్రిములు లేకుండా చేసే చోటుకే. లైసెన్సు అడగని చోట్లు ఎక్కువ, పని అక్కడే నేర్పిస్తారు. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన పరికరాల మీద రక్తం ఎండకముందే ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టాలి. గొట్టాల్లాంటివాటి లోపల బ్రష్ పెట్టి తోమాలి. ఆ తర్వాత వాషర్, భూతద్దం కింద తనిఖీ, ప్యాకింగ్, చివరికి ఆవిరితో క్రిములను చంపే మెషీన్, ఆటోక్లేవ్. కత్తెర కీలు దగ్గర మరక మిగిలితే 134 డిగ్రీల ఆవిరి పెట్టినా లాభం లేదు, ఆ మురికి కిందికి ఆవిరి చేరదు. బయటికి తీసిన ప్యాకెట్ తడిగా ఉంటే పనికిరానట్టే. ఆ తడి వెంటే బయటి క్రిములు లోపలికి దిగుతాయి. మెషీన్‌ని కిక్కిరిసేలా నింపడం, చల్లారకుండా తీయడం సాధారణంగా జరిగే పొరపాట్లు. రోజూ మొదటి లోడుకి ముందు బోవీ-డిక్ పరీక్ష చేస్తారు. అందులోని కాగితం రంగు అంతటా ఒకేలా మారకపోతే లోపల గాలి మిగిలిందని అర్థం, ఆ మెషీన్ వాడరు. నిలబడి చేసే పని, వేడి, బరువులు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

ల్యాబ్‌లో రోగి ఉండడు, ఫోను ఉంటుంది. ప్రమాదకరమైన ఫలితం వస్తే వెంటనే వార్డుకి చెప్పి, అవతలివాళ్లు తిరిగి చదివేదాకా ఆగాలి. కొత్త యాసలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఒకటి, ఐదు అని అంకెలు విడివిడిగా చెప్పడం అలవాటు చేసుకోండి. పొటాషియం అమాంతం ఎక్కువ, కాల్షియం మరీ తక్కువ కనబడితే ఫోను తీయకముందే శాంపిల్‌ని అనుమానించండి. ఊదారంగు మూత ట్యూబులోని రక్తాన్ని ఎవరో వేరే ట్యూబులో పోసి ఉండవచ్చు. రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే ఈడీటీఏ అనే పొటాషియం లవణం చేసే పని అది. ఇంకో చిక్కు: చిన్న ఆసుపత్రుల్లో రక్తం తీయడం కూడా ల్యాబ్ వాళ్ల మీదే పడుతుంది. చేతి నైపుణ్యం ఉన్నవాళ్లకి హిస్టాలజీ మేలు. మైనంలో పొదిగిన కణజాలాన్ని 3 నుంచి 5 మైక్రాన్ల పొరలుగా కోసి స్లైడు మీదికి ఎక్కించాలి, గంటల తరబడి నిశ్శబ్దంగా.

మెడికల్ కోడింగ్, అంటే రికార్డుల్లోని రోగాలకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పనిలో మనుషుల అలికిడే ఉండదు. కాకపోతే రోగాలకు వాడే అంతర్జాతీయ ఐసీడీ కోడ్‌లను కూడా కొన్ని దేశాలు తమకు తగ్గట్టు మార్చుకున్నాయి, చికిత్సల కోడ్‌లు మరీ వేరు. ఒక దేశం కోసం చేసిన సర్టిఫికెట్ ఇంకో దేశంలో చెల్లుతుందో లేదో ఫీజు కట్టేముందే చూసుకోండి. ఇంటి నుంచి పని సాధారణంగా కొంత అనుభవం వచ్చాకే ఇస్తారు.

రక్తం, పరికరాలు ముట్టుకునే ఏ ఉద్యోగమైనా హెపటైటిస్ బి టీకా అడుగుతారు. మామూలు పద్ధతిలో 3 డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. పాత కార్డు దొరకకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో మాత్రం రెండు విషయాలు సూటిగా అడగండి: రక్తం తీయాల్సి ఉంటుందా, రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉండాలా.