అబద్ధమని అనుమానం వస్తే: ముఖం కాదు, ముందు చీటీ చూడండి

నెల్లూరు జిల్లాలో రొయ్యల మేత అరువుకిచ్చే కొట్టు మాది. పట్టుబడి, అంటే గుంటలో రొయ్య పట్టి అమ్మడం, అయ్యాకే లెక్క. అందుకే ఎవరు నిజం చెబుతున్నారో తేల్చుకోవడం కూడా నా వ్యాపారంలో భాగమే.

సమస్య: డబ్బుల మాట ఎత్తగానే మనిషి నీళ్లు నములుతాడు, చూపు పక్కకి తిప్పుతాడు, ఇందాకటి మాటకీ ఇప్పటి మాటకీ పొంతన ఉండదు.

మొదటి చెక్: చెప్పినదాంట్లో కళ్లతో చూసి తేల్చుకోగలిగేది ఏముంది? ఎన్నిసార్లు చెప్పినా అందరూ దీన్నే వదిలేసి మొహాలు చదువుతూ కూర్చుంటారు. "యాభై కౌంట్ (కిలోకి యాభై రొయ్యలు), టన్నే వచ్చిందన్నా" అన్నాడనుకోండి, కాటా చీటీ అడగండి. కిలో రొయ్యకి మామూలుగా కిలోన్నర మేత పడుతుంది. టన్నుకి టన్నున్నర, అంటే 25 కిలోల బస్తాలు 60. మీ పుస్తకంలో 120 ఉంటే ఆ మిగతా మేత ఏమైందో అడగాలి. రొయ్య చచ్చి ఉండొచ్చు, మేత పక్క గుంటకి పోయి ఉండొచ్చు. ఏదైనా అడిగితేనే తెలుస్తుంది.

అసలు కారణం, నన్ను ముంచింది: భయం. నిజం చెప్పేవాడికీ భయం ఉంటుంది, నమ్మరేమోనని. బయటికి అది అచ్చం అబద్ధంలాగే కనపడుతుంది.

ఒకతను వచ్చి కొట్టు మెట్ల మీదే నిలబడ్డాడు. చేతిలో తువ్వాలు నలుపుతున్నాడు. "గుంట పోయిందన్నా" అన్నాడు. ఎన్ని ఎకరాలంటే రెండన్నాడు, కాసేపటికి మూడన్నాడు. "ఏందబ్బయా, గంటకో మాట చెప్తుండావే!" అని పదిమందిలో అరిచాను. సాయంత్రం మా కుర్రాణ్ణి పంపితే, గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు, పెంకు మీద తెల్లమచ్చలు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు. మొదట రెండెకరాల గుంట పోయింది, అతను నా దగ్గరికి బయలుదేరేసరికి పక్క ఎకరం గుంటలోనూ తేలాయి. రెండు మాటలూ నిజమే. తర్వాత అతను మా కొట్టు మెట్లెక్కలేదు.

చూపుని బట్టి పట్టేస్తామనే ధీమా వదలండి. 2006లో బాండ్, డీపాలో అనే పరిశోధకులు వందల ప్రయోగాలు కలిపి లెక్కేస్తే, జనం నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే.

పరిష్కారం: కూర్చోబెట్టి టీ ఇప్పించండి. ముందు డబ్బుతో సంబంధం లేని మాటలు, పిల్లల చదువో వాన సంగతో. మామూలుగా ఎలా మాట్లాడతాడో అప్పుడు తెలుస్తుంది. కొందరికి పుట్టుకతోనే నత్తి, దానికి మనం చేసేదేం లేదు. తర్వాత కథని వెనక్కి చెప్పించండి: నిన్న ఏం చేశావు, మొన్న చెక్ ట్రేలో (రొయ్య ఎంత తింటుందో చూడ్డానికి గుంటలో దింపే పళ్లెం) మేత ఎంత మిగిలింది, ఆ రాత్రి జనరేటర్ దగ్గర ఎవరున్నారు? జరిగింది చెప్పేవాడు "కాదు కాదు, అది ఆదివారం" అని తనే దిద్దుకుంటాడు. అల్లినవాడు చాలావరకు కంఠతా పట్టిన వరసలోకే తిరిగొస్తాడు. ఇదీ రుజువేమీ కాదు, గుంట దగ్గరికి వెళ్లాల్సిందే.

కళ్లలోకి చూస్తూ చల్లగా అబద్ధమాడే ఘనులు అరుదు, వాళ్లకీ విరుగుడు కాటా చీటీనే. లై డిటెక్టర్ సంగతంటారా? మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మేత కొట్టుకి ఆ గొడవెందుకు.

అన్నీ అయ్యాక కూడా లెక్క కుదరకపోతే, కొత్త బస్తాలు ఆపి, పాత బాకీ రాయించి సంతకం పెట్టించుకోండి. పదిమందిలో కాదు, లోపల గదిలో.