రంగనాయకులపేట సందులోంచి సామాను బయటికి తేవాలంటే

ఇల్లు మారాలనుకోగానే అందరూ ముందు బండి మాట్లాడతారు. మా నెల్లూరు రంగనాయకులపేటలో మాత్రం ముందు సందు కొలుచుకోవాలి. రంగనాథస్వామి గుడి ముందర వీధి బాగానే ఉంటుంది. చిక్కంతా అలాంటి వీధుల్లోంచి పక్కకు చీలే సందులతోనే. రెండు వైపులా అరుగులు, అరుగుల పక్కన కాలువ, తలమీద వేలాడే కేబుల్ వైర్లు, గోడవారగా ఎవరిదో ఒక మోటార్ సైకిలు. టాటా ఏస్ వెడల్పు, అద్దాలు లెక్కేయకుండానే, ఐదడుగులకు ఒక్క అంగుళం తక్కువ. సందు ఆరడుగులున్నా అది లోపలికొచ్చి తలుపు తీయలేదు, మలుపు తిరగలేదు. బండి సందు మొగలో ఆగిపోతుంది. అక్కడిదాకా ప్రతి వస్తువూ మనిషి చేతుల మీదో భుజం మీదో పోవాల్సిందే. మనం కట్టే ప్రతి మూటా ఆ మోతకు సరిపోవాలి. బండిలో ఎలా పడుతుందన్నది తర్వాతి సంగతి.

మా పేటలో ఎవరు ఖాళీ చేస్తున్నా నేను ముందు పురికొస తీసుకుని వెళ్తాను. సందులో అన్నిటికన్నా ఇరుకైన చోట రెండు గోడల మధ్య దాన్ని చాచి పట్టుకుని, అవతలి గోడ తగిలే చోట ఒక ముడి వేస్తాను. అరుగు పొడుచుకొచ్చి ఉంటే అరుగు నుంచే కొలవాలి, గోడ నుంచి కాదు. అదే కొసన వీధి గుమ్మం వెడల్పుకు ఇంకో ముడి, మేడ మెట్ల మలుపుకు మరో ముడి. ముడులు కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కడతాను. ఆ కొస పట్టుకుని ఇంట్లో తిరిగితే ఏది నిలువుగా పోతుందో, ఏది అడ్డంగా పోతుందో, దేన్ని విప్పక తప్పదో అప్పుడే తేలిపోతుంది. టేపుతో అంకెలు రాసుకోవచ్చు గానీ, సామాను మోసే ముఠా మేస్త్రీకి ముడి చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

ఇనప బీరువా మామూలుగా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటుంది. పడుకోబెట్టి తెస్తే ఎల్ ఆకారపు మలుపు దగ్గర ఇరుక్కుపోతుంది, గోడ సున్నమూ బీరువా రంగూ రెండూ పోతాయి. మలుపు దాకా పడుకోబెట్టి తెచ్చి, అక్కడ నిలబెట్టి, కింద తడి గోనెపట్టా వేసి తిప్పాలి. అరలన్నీ ఖాళీ చేసి, లాకర్ తాళంచెవి ఇంటావిడ కొంగున కట్టుకుని, తలుపు తెరుచుకోకుండా చుట్టూ నవారు బిగించాలి. "లోపల బట్టలేగదమ్మా, ఉండనీండి" అంటారు మోసేవాళ్లు. ఒప్పుకోవద్దు. బరువు ఒకపక్కకు జరిగిందంటే ముందున్న మనిషి వేళ్లు నలుగుతాయి.

పందిరిమంచం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మా పేటలో ఇప్పటికీ చాలా ఇళ్లలో అవి ఉన్నాయి గనక. పాతవాటికి మేకులుండవు. మంచం కోళ్లకు, అంటే కాళ్లకు, తొలిచిన గూళ్లలో పట్టెల కొసలు దూర్చి, చెక్క చీలలు కొట్టి ఉంటారు. చీలను ఏ వైపు నుంచి కొట్టారో చూసి, దానికి ఎదురువైపు నుంచి చిన్న చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టాలి. సుత్తితో సూటిగా కొడితే టేకు చీలిపోతుంది. మా ఆడపడుచు వాళ్ల మంచం విప్పినప్పుడు ప్రతి అతుకుకూ రెండు వైపులా అంటుడు కాగితం వేసి ఒకే అంకె రాశాం: కోడు మీద 1, అందులో దూరే పట్టె కొస మీద 1, ఇలా. సుద్దముక్కతో రాస్తే చెమట చేతులకు చెరిగిపోతుంది. ఊడిన చీలలన్నీ ఒక చిన్న గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని తలవైపు పట్టెకే కట్టేశాం. నాలుగు కోళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ చేత్తో చేసిన పనిలో ఏ రెండు గూళ్లూ ఒక్కటి కావు. కలగలిపితే కొత్తింట్లో మంచం కదులుతూనే ఉంటుంది.

పెద్ద అట్టపెట్టెలు నాకు ఇష్టం లేదు. సందులో ఎదురొచ్చేవాళ్లకు దారివ్వాలంటే మనిషి పక్కకు తిరగాలి, అంత పెట్టె పట్టుకుని ఎలా తిరుగుతాడు? పుస్తకాలైతే మరీ. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న పెట్టె నిండితే ఇరవై కిలోల దాకా తూగుతుంది. పుస్తకాలకు అంతకన్నా పెద్దది వద్దు. గిన్నెలకు, వంటింటి సరంజామాకు ప్లాస్టిక్ బకెట్లు, పిడి ఉన్న డబ్బాలు, పాతిక కిలోల బియ్యం సంచులు చాలా మేలు. ఒక చేత్తో పట్టుకోవచ్చు, రెండో చెయ్యి గోడ పట్టుకోవడానికి మిగులుతుంది. ఇత్తడి గుండిగలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, మధ్యలో పాత పంచెలు పెట్టండి. పింగాణీకి పాత పేపర్లు. జరీ చీరలకు మాత్రం పేపర్లు వద్దు, కలరా ఉండలూ తగలనివ్వద్దు, జరీ నల్లబడుతుంది. ఉతికిన తెల్ల పంచెలో చుట్టి, ఆ సంచిని ఇంటి మనిషే తీసుకెళ్లాలి.

ఆవకాయ జాడీని నిండుగా ఎప్పుడూ కదపొద్దు. పైనున్న నూనెను ఆరిన గరిటెతో స్టీలు గిన్నెలోకి తీసి, పచ్చడిని మూత బిగుసుకునే చిన్న డబ్బాల్లోకి మార్చి, ఖాళీ జాడీని విడిగా పంపండి. నూనె కొత్తింట్లో మళ్లీ పోసుకోవచ్చు. జాడీకి వాసెన కట్టి అలాగే పంపితే మెట్ల మీద వాలినప్పుడు గుడ్డ నూనె పీల్చుకుంటుంది, కిందున్న పరుపు పాడవుతుంది.

ఫ్రిజ్‌కు ముందురోజు రాత్రే స్విచ్ తీసి, మంచు కరిగించి, లోపల తుడవాలి. నిలువుగానే మోయాలి. తప్పనిసరై పడుకోబెడితే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి, కంప్రెసర్ నూనె పైపుల్లోంచి వెనక్కి దిగాలి కదా. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు కొన్నప్పుడు లోపలి డ్రమ్ము కదలకుండా పెట్టి వచ్చిన బోల్టులు దాచి ఉంటే మళ్లీ బిగించండి. గ్యాస్ సిలిండర్‌కు రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, నిలువుగా పెట్టండి.

మేడ మీది సామాను కొందరు మోకులు కట్టి కిందికి దించుతామంటారు. పాత మిద్దెల పిట్టగోడలు సున్నంతో కట్టినవి. మోకు వాటి మీద రాసుకుంటే ఇటుక జారి కిందున్నవాళ్ల నెత్తిన పడుతుంది. మెట్లమీంచి దిగేదాన్ని ఎంత ఆలస్యమైనా మెట్లమీంచే దించండి. నిచ్చెన, కర్టెన్ కడ్డీల వంటి పొడుగాటివి నిలువుగా ఎత్తనివ్వద్దు. కరెంటు తీగలు చేతికందేంత కిందికి ఉంటాయి.

ముఠా మేస్త్రీని ముందే తీసుకొచ్చి సందంతా నడిపించండి. బండి ఎంత దూరంలో ఆగుతుందో చూశాకే కూలి మాట్లాడుకోవాలి. లేకపోతే పని మధ్యలో పేచీ వస్తుంది, వాళ్లనీ తప్పు పట్టలేం. ఇరుగుపొరుగుకు ముందురోజు సాయంత్రమే చెప్పాలి: "పిన్నీ, రేపు తెల్లవారుజామున సామాను తీస్తున్నాం, అబ్బాయి బండి కాస్త వీధిలో పెట్టించండి" అంటే ఎవరూ కాదనరు. మొగ దగ్గరి ఇంటివాళ్ల అరుగు అడిగి పెట్టుకోండి. సామాను అక్కడ పేర్చుకుంటూ వస్తే బండివాడు బరువైనవి ముందు, తేలికవి తర్వాత ఎక్కించుకుంటాడు. పాల ప్యాకెట్లవాడు వచ్చేలోపు మొదలుపెట్టి, స్కూలు ఆటోలు తిరిగేలోపు పెద్దవి బయట పడేస్తే సగం పని అయినట్టే.

రోజు ఎంచుకునేటప్పుడు పంచాంగంతోపాటు పేట సంగతీ చూసుకోండి. రంగనాథుడి బ్రహ్మోత్సవాలకు, ముక్కోటికి గుడి వీధుల్లో బండి ఆగనివ్వరు. రొట్టెల పండగకు దర్గా వైపు దారులు నిండిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో పెన్నా ఎలా పొంగిందో ఏటి గట్టు పొర్లుకట్ట వైపున్నవాళ్లు మర్చిపోలేదు. అంత వరద రాకున్నా, గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జీల్లో నీళ్లు నిలుస్తాయి. రైలు కట్టకు అవతలికి మారేవాళ్లు ఆ కాలంలో రెండో దారి కూడా అనుకుని ఉంచుకోవాలి. బండిమీద లోడు ఎత్తుగా పేర్చితే ఎండాకాలంలోనైనా అండర్ బ్రిడ్జి కింద తగులుతుంది, బయల్దేరే ముందే కొలవండి.

చివరగా ఒక సంచి. దేవుడి పటం, పసుపు కుంకుమ, పాలు పొంగించే గిన్నె, అగ్గిపెట్టె, ఉప్పు, కందిపప్పు, రెండు పూటలకు బియ్యం, మందులు, ఇంటి కాగితాలు, ఒక స్క్రూడ్రైవర్, పందిరిమంచం అంకెలు రాసుకున్న చీటీ. ఇది బండెక్కకూడదు. పెద్దావిడ ఒళ్లో పెట్టుకుని ఆటోలో ముందుగా వెళ్లాలి.