మే ఎండలో ఎయిర్‌కూల్డ్ బీటిల్: ఎంత వేగం, ఏయే జాగ్రత్తలు

ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ దాకా 44వ నంబరు జాతీయ రహదారి సుమారు 200 కిలోమీటర్లు. నాలుగు వరసల రోడ్డు, కార్లకు చట్టం 100 దాకా ఒప్పుకుంటుంది. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కూడా ఆ 100 అందుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. జనవరి పొద్దున గంటసేపు 100లో హాయిగా పరుగెత్తిన ఇంజనే మే మధ్యాహ్నం పెన్‌గంగ వంతెన దాటి పాండర్‌కవడ చేరేలోపు వాల్వు కాల్చుకోవచ్చు. రోడ్డు అదే, ఇంజన్ అదే, మారింది గాలి. ఈ బండికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఉన్నది ఫ్యాను, రెండున్నర లీటర్ల ఆయిల్.

ముందు అంకెలు. నీడలో 40 డిగ్రీలు దాటిన రోజు 1200, 1300 సీసీ ఇంజన్లను గంటకు 75 దగ్గర, 1500, 1600 ఇంజన్లను 85 దగ్గర ఆపాలి. అదే 1600 ఇంజన్ కోంబి వ్యానులో ఉంటే 70 చాలు. దాని బరువు, ఎత్తు, గాలికి అడ్డంగా నిలబడే ముఖం వేరు. 45 దాటే రోజుల్లో పదకొండు నుంచి ఐదు దాకా ఏ వేగమూ సరైన వేగం కాదు, బండి నీడలో ఉండాల్సిందే. చలికాలంలో ఈ అంకెలకు పదో పదిహేనో కలుపుకోవచ్చు. ఇవన్నీ టైమింగ్ (ప్లగ్గులో స్పార్కు పడే వేళ), వాల్వులు, ఇంజన్ చుట్టూ ఉండే రేకులు సరిగా ఉన్న బండికి చెప్పినవి. లేని బండికి 60 కూడా ఎక్కువే.

"కంపెనీ పుస్తకంలో గరిష్ఠ వేగమే రోజంతా నడపగల వేగం అని ఉంది కదా" అని చాలామంది అడుగుతారు. నిజమే. 1200కు 115, 1600కు 130 దాకా చెప్పారు. కానీ అది కొత్త ఇంజన్‌కు, యూరప్ వాతావరణానికి, ఆనాటి పెట్రోలుకు చెప్పిన మాట. యాభై ఏళ్లు దాటి, రెండు మూడుసార్లు బోరింగ్ అయిన ఇంజన్‌కు చంద్రాపూర్ ఎండలో దాన్ని అప్పజెప్పకూడదు.

వేడి లెక్క

గాలిని చీల్చుకుంటూ పోవడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే వేగం పెరిగేది పావు వంతే, గాలి కోసం ఖర్చయ్యే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు. ఆ శక్తితోపాటు వేడీ పెరుగుతుంది. ఫ్యాను ఇంజన్‌తో కలిసి తిరుగుతుంది కాబట్టి, అదే గేరులో దాని వేగం కూడా పావు వంతే పెరుగుతుంది. పుట్టే వేడికీ పోయే వేడికీ మధ్య ఆ తేడా మిగిలిపోతుంది.

ఎదురుగాలి ఈ లెక్కను ఇంకా చెడగొడుతుంది. 30 కిలోమీటర్ల వడగాలికి ఎదురెళ్తే స్పీడోమీటర్ 80 చూపించినా బండి 110 గాలిని తోసుకుంటూ పోతున్నట్టే. అందుకే స్పీడోమీటర్ కంటే యాక్సిలరేటర్ మీద కాలు ఎంత లోతుకు దిగిందో చూడటం మేలు. పెడల్ మూడొంతులు దిగితే తప్ప వేగం నిలవడం లేదంటే, ముల్లు ఎక్కడున్నా సరే పది తగ్గించండి. పైగా 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కంటే సుమారు 8 శాతం పలచన. ఫ్యాను అన్నే చుట్లు తిరిగినా సిలిండర్ల మీదికి వెళ్లే గాలి తక్కువ.

మెల్లగా నడిపితే చాలు క్షేమం అనుకోవడం దీనికి సరిగ్గా ఎదురు తప్పు, చూడబోతే ఇదే ఎక్కువ ఇంజన్లను తింటుంది. నాలుగో గేరులో 45 వేగంతో ఏడుస్తూ చడావు ఎక్కిస్తే ఫ్యాను తీరిగ్గా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం పూర్తి బరువు మోస్తుంది. కెరమెరి ఘాట్ లాంటి చోట మూడో గేరు కాదు, రెండో గేరుకే దిగాల్సి వస్తుంది. సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంజన్ నిమిషానికి 2500 చుట్ల కంటే కిందికి పోకూడదు. 4.125 నిష్పత్తి డిఫరెన్షియల్ ఉన్న 1600లో నాలుగో గేరులో 80 అంటే సుమారు 2500, 90 అంటే 2800. మూడో గేరులో 60 అంటే 2600. అంటే చడావులో 80 కిందికి జారుతున్నప్పుడే మూడుకు వేసేయాలి, వణుకు మొదలయ్యేదాకా ఆగకూడదు.

బయలుదేరే ముందు ఇంజన్ దగ్గర

మొదట రేకులు. ఇంజన్ చుట్టూ ఉన్న రేకులు అందానికి కావు. పైనున్న చల్లగాలినీ కింద సైలెన్సర్ దగ్గరి వేడిగాలినీ అవే వేరు చేస్తాయి. చుట్టూ రబ్బరు పట్టీ ఎండి చిట్లినా, మరమ్మతులో ఒక చిన్న రేకు "అవసరం లేదులే" అని పక్కన పడేసినా, ఫ్యాను తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. మన దగ్గర హీటర్ అక్కర్లేదని దాని పెట్టెలు తీసేసిన బళ్లు చాలా ఉన్నాయి. తీశాక ఫ్యాను తొడుగుకు రెండు పక్కలా మిగిలిన గొట్టాల నోళ్లు మూయాలి. లేకపోతే సిలిండర్లకు పోవాల్సిన గాలి అటే పోతుంది.

థర్మోస్టాట్ పీకేసి, దాంతోపాటు లోపలి రెక్కలు కూడా పీకేయడం మరో అలవాటు. థర్మోస్టాట్ లేకపోయినా మన ఎండకు నష్టం లేదు గాని, రెక్కలు మాత్రం తెరిచిన స్థితిలో ఉండాలి. గాలిని సిలిండర్ల మీదికి మళ్లించేవి అవే.

ఆయిల్ కూలర్ సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకం. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల చుట్టూ, పత్తి బళ్ల వెనక తిరిగిన కారులో దూది పీచు ఫ్యాను గుండా వెళ్లి కూలర్ రెక్కల్లో చిక్కుకుంటుంది. దాని మీద ఆయిల్ చెమ్మ, రాజురా, గడ్‌చందూర్ వైపు సిమెంటు దుమ్ము చేరితే ఎండాకాలానికి అది గట్టి పొరలా తయారవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఫ్యాను తొడుగు లేపి, కూలర్‌ను రెండు వైపులా చూసి, కిరోసిన్‌తో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టాలి. వానాకాలంలో బండి నిలిచి ఉంటే లోపల ఎలుక గూడు కట్టిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. పని అయ్యాక ఇంజన్ గదిలో గుడ్డపీలిక వదలొద్దు. ఫ్యాను దాన్ని మింగేస్తుంది.

1970కి ముందు ఇంజన్లలో ఈ కూలర్ తొడుగు లోపలే, మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డంగా ఉండేది. మూడోది అంటే ఎడమ వైపున, బండి ముందు భాగానికి దగ్గరగా ఉన్నది. అందరికంటే ఎక్కువ కాగేది అదే, వాల్వు ముందు పోయేదీ దానిదే. తర్వాత కూలర్‌ను పక్కకు జరిపి వేరే గాలిదారి ఇచ్చారు. పాత ఇంజన్ ఉన్నవాళ్లు పైన చెప్పిన వేగాల్లో ఇంకో ఐదు తగ్గించుకోవాలి.

వాల్వు గ్యాప్ రాత్రంతా చల్లబడిన ఇంజన్ మీదే చూడాలి. చాలా ఇంజన్లకు 0.15 మిల్లీమీటర్లు. పాత 1200ల్లో కొన్నింటికి వేరే కొలత ఉంటుంది, ఇంజన్ మీద అంటించిన చీటీయో పుస్తకమో చూసి పెట్టండి. గ్యాప్ మూసుకుపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. తన వేడిని సీటుకు ఇచ్చే వీలు లేక కాలిపోతుంది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్ ప్రతిసారీ తగ్గి కనిపిస్తుంటే సరిచేసి ఊరుకోకండి. వాల్వు కాడ సాగుతోందని అర్థం. రేపో మాపో తల ఊడి పిస్టన్ మీద పడుతుంది. ఆ బండిని హైవే ఎక్కించకుండా హెడ్ విప్పించాలి.

డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. ముందు పాయింట్లు, తర్వాత టైమింగ్, ఈ వరస తిరగేయొద్దు. పాయింట్లు కదిలితే టైమింగ్ కూడా కదులుతుంది. స్ట్రోబ్ లైటుతో 3000 చుట్ల పైన, వాక్యూమ్ గొట్టం తీసి చూస్తే మొత్తం అడ్వాన్స్ (స్పార్కు ముందుగా పడే కోణం) 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలానికి 28 మంచిది. చెవితో పెట్టే టైమింగ్ ఐడిలింగ్‌లో బాగుంటుంది, 80లో ఏం చేస్తుందో చెవికి తెలియదు.

ఆయిల్ 2.5 లీటర్లే. పెద్ద ఫిల్టర్ లేదు, జాలీ ఒక్కటే. అందుకే 5000 కిలోమీటర్లకు మార్చాలని పుస్తకం చెప్పినా, వేసవి ప్రయాణానికి ముందు 3000కే మార్చేయండి, జాలీ కడగండి. మన ఎండకు 20డబ్ల్యూ-50 సరిపోతుంది. లెవెల్ పై గీత దాకా ఉండాలి, దాటకూడదు. డబ్బాలో ఇంకో లీటరు వెంట ఉండాలి.

ఫ్యాన్ బెల్ట్: ఇంట్లోనే ఒకసారి మార్చి చూడండి

ఈ ఒక్క బెల్టు తెగితే డైనమో, దాంతోపాటు ఫ్యాను ఆగుతాయి, చల్లదనం మొత్తం పోతుంది. హెచ్చరిక ఒక్కటే, డ్యాష్‌బోర్డులో ఎర్ర చార్జింగ్ దీపం. వేరే కార్లలో ఆ దీపం వెలిగితే ఇల్లు చేరాక చూసుకోవచ్చు. ఇందులో వెలిగిన క్షణమే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ముందు కనిపించే ధాబా దాకా కూడా వద్దు.

మార్చడానికి 21 పాన, పొడుగు స్క్రూడ్రైవర్ కావాలి. డైనమో పుల్లీ లోపలి సగానికి ఒక గాడి ఉంటుంది. అందులో స్క్రూడ్రైవర్ దూర్చి డైనమో పై బోల్టుకు ఆనించి పట్టుకుంటే పుల్లీ తిరగదు, నట్టు వదులవుతుంది. పుల్లీ రెండు సగాల మధ్య పలచటి వాషర్లు ఉంటాయి. బెల్టు బిగించాలంటే లోపలి వాషరొకటి తీసి బయట, నట్టు కింద వేయాలి. వదులు చేయాలంటే బయటిది లోపలికి. వాషర్లు ఏవీ పారేయకూడదు, మొత్తం లెక్క అలాగే ఉండాలి. బొటనవేలితో నొక్కితే బెల్టు ఒకటిన్నర సెంటీమీటరు దిగితే సరి. మరీ బిగిస్తే డైనమో బేరింగ్ పోతుంది. కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడాలి. పాత బెల్టు తెగకపోయినా డిక్కీలో స్పేర్‌గా ఉంచండి.

పెట్రోలు, మంట

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచి చీలుస్తుంది. మిశ్రమాన్ని పలచన కూడా చేస్తుంది. పలచన మిశ్రమం వేడిని పెంచుతుంది, కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్గు రంగు చూడాలి. లేత గోధుమ రంగు మంచిది. సున్నంలా తెల్లగా ఉంటే ఇంజన్ ఆకలితో కాగుతోంది.

గొట్టాలన్నీ ఇంజెక్షన్ బళ్లకు వాడే రకంతో మార్చి, ప్రతి చివరా క్లిప్పు వేయండి. కార్బురేటర్‌లోకి పెట్రోలు వెళ్లే ఇత్తడి గొట్టాన్ని చేత్తో లాగి చూడండి. కదిలితే అది ఏదో ఒక రోజు ఊడి వేడి ఇంజన్ మీద పెట్రోలు పోస్తుంది. ప్లాస్టిక్ ఫిల్టర్‌ను ఇంజన్ గదిలో వేలాడదీయకండి, దాని చోటు ముందు ట్యాంకు కింద. ఇంజన్ దిమ్మ మెగ్నీషియం మిశ్రమం. అంటుకుంటే నీళ్లు పోయడం మంటను పెంచడమే. కనీసం రెండు కిలోల డ్రై పౌడర్ సిలిండర్ డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి.

ఇంజన్ ఒప్పుకున్నా బ్రేకులు ఒప్పుకోవు

చాలా బీటిళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. అంతా బాగున్న డ్రమ్ములతో, ఒక సెకను ఆలస్యంగా కాలు పడిందనుకుంటే, 80 నుంచి ఆగడానికి సుమారు 65 మీటర్లు, 100 నుంచి 90 మీటర్లు దాటుతుంది. రాంగ్ రూటులో వచ్చే ట్రాక్టరు, డివైడర్ మీద మేస్తూ హఠాత్తుగా దిగే బర్రె మీ ముందు అంత జాగా ఉంచవు. షూలు అడ్జస్ట్ చేయించండి. రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్ మార్చండి.

టైర్ల గాలి ముందు 18, వెనక 27, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బంకులో కుర్రాడు అలవాటుగా నాలుగింటికీ 32 కొట్టేస్తాడు, పక్కనే నిలబడండి. ముందు వెనకల తేడా తప్పితే వెనక బరువున్న ఈ బండి మలుపులో తోక తిప్పుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలేయడం, అందులోనూ పాత స్వింగ్ యాక్సిల్ (వెనక చక్రాలు లోపలికి వంగే రకం ఇరుసు) బండిలో, ప్రమాదం. వేగం మలుపుకు ముందే తగ్గాలి. ఆరేళ్లు దాటిన టైర్లు గీతలు నిండుగా ఉన్నా సరే హైవేకు పనికిరావు. సామాను ముందు డిక్కీలో వేస్తే పక్కగాలికి బండి కాస్త నిలకడగా ఉంటుంది. బల్లార్‌పూర్ దారిలో బొగ్గు లారీని దాటేటప్పుడు లారీ ముఖం దగ్గర గాలి ఒక్క తోపు తోస్తుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి.

దారిలో

తెల్లవారుజామున ఐదింటికి ఆదిలాబాద్ వదిలితే తొమ్మిదికల్లా నాగ్‌పూర్. వేగం స్పీడోమీటర్‌లో కాకుండా ఫోన్ జీపీఎస్‌లో చూడండి. మొదటి పది కిలోమీటర్లు 60 దాటొద్దు. గంటకోసారి ఆపండి. ఆపే ముందు రెండు మూడు కిలోమీటర్లు తేలిగ్గా నడిపి, ఆగాక ఇంజన్ మూత తెరవండి. మూత తెరిచి నడపడం మాత్రం వద్దు, దుమ్మూ సైలెన్సర్ వేడీ లోపలికి చేరతాయి.

ఒక ఆయిల్ టెంపరేచర్ మీటరు పెట్టించుకోవడం ఈ బండికి చేసే అన్ని ఖర్చుల్లో విలువైనది. 110 డిగ్రీల దాకా భయం లేదు. 120 దగ్గర 10 వేగం తగ్గించండి. 125 దాటితే ఆపేయండి. మీటరు లేకపోతే ఐడిలింగ్‌లో ఆయిల్ దీపం మిణుకుమంటోందా చూడండి. మిణుకుమంటే ఆయిల్ నీళ్లయింది. యాక్సిలరేటర్ నొక్కగానే రేకు డబ్బాలో మేకులు కదిపినట్టు చప్పుడొస్తే వెంటనే కాలు తీసి గేరు దించండి. వేడి మీద ఆపిన ఇంజన్ మళ్లీ అందుకోకపోతే పెడల్ పదేపదే కొట్టకుండా పూర్తిగా నొక్కి పట్టి స్టార్ట్ చేయండి.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్, బెల్టు బిగువు, ఆయిల్ లెవెల్ మళ్లీ చూడండి. గ్యాప్ 0.15 దగ్గరే ఉంటే వచ్చేసారీ అదే వేగం. తగ్గి ఉంటే పది తక్కువ, ఆ లోగా టైమింగ్, జెట్టు మళ్లీ చూపించాలి.