ఇటలీ కోచ్ టూర్: ఇద్దరూ వెళ్లి, మాట్లాడుకుంటూనే తిరిగి రావాలంటే

గ్రూపుగా బస్సులో తిరిగే ఇటలీ కోచ్ టూర్ బ్రోషర్ చేతికి రాగానే అందరం చేసే మొదటి పని ఊళ్లు లెక్కపెట్టడం. మిలాన్, వెరోనా, వెనిస్, పిసా, ఫ్లోరెన్స్, సియెనా, రోమ్, పాంపే, ఎనిమిది రోజుల్లో ఎనిమిది ఊళ్లు, గిట్టుబాటే కదా అనుకుంటాం. ఊళ్లు వదిలేసి, ఎన్నిసార్లు పెట్టె సర్దాలో లెక్కపెట్టండి. ఒక హోటల్‌లో ఒక్క రాత్రే ఉన్నామంటే రాత్రి పెట్టె తెరవడం, పొద్దున మూయడం, ఏడు గంటలకల్లా గది తలుపు బయట పెట్టేయడం. ఇది వరసగా నాలుగు రోజులు జరిగితే ఎంత అన్యోన్యమైన జంటైనా ఛార్జర్ ఎవరు మర్చిపోయారన్న దాని మీద పోట్లాడుకుంటుంది. మేం పోట్లాడుకున్నాం కాబట్టే చెప్తున్నా. రెండేసి, మూడేసి రాత్రులు ఒకేచోట ఉండే టూర్ దొరికితే, రెండు ఊళ్లు తగ్గినా సరే, అదే తీసుకోండి.

తర్వాత చూడాల్సింది హోటల్ ఎక్కడుందనేది. "ఫ్లోరెన్స్ ఏరియా" అని రాశారంటే అది 50 కిలోమీటర్ల దూరంలోని మోంటెకాతీని టెర్మే కావచ్చు, గ్రూపులను అక్కడ దించడం చాలా మామూలు. "వెనిస్ ఏరియా" అంటే మెస్త్రే కావచ్చు, ఇంకా దూరంగా లీదో ది యేసోలో కూడా కావచ్చు. మెస్త్రే అయితే నయం, రైలెక్కితే పది నిమిషాల్లో వెనిస్‌లో ఉంటారు, రాత్రి భోజనం అయ్యాక కూడా ఇద్దరే వెళ్లి రావచ్చు. యేసోలో అయితే సాయంత్రాలు హోటల్ లాబీకే అంకితం. బుక్ చేసే ముందే హోటల్ పేరు అడగండి, ఇంకా ఖరారు కాలేదంటే కనీసం ఊరి పేరైనా రాయించుకోండి.

బ్రోషర్ భాష కూడా కొంచెం నేర్చుకోవాలి. "పనోరమిక్ టూర్" అంటే బస్సు కిటికీలోంచి చూడటం. "ఫోటో స్టాప్" అంటే దిగి పావుగంట. "ఎంట్రెన్స్ ఇన్‌క్లూడెడ్" అని విడిగా రాస్తేనే లోపలికి తీసుకెళ్తారు. దీంతో పాటు వారాలు కూడా చూసుకోండి. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా మ్యూజియం, రెండూ సోమవారం మూస్తారు. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసే ఉంటాయి, నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు కానీ ప్రవేశం ఉచితం కాబట్టి ఆ రోజు క్యూ చూస్తే భయమేస్తుంది. మీకున్న ఒక్క ఖాళీ మధ్యాహ్నం ఫ్లోరెన్స్‌లో సోమవారం పడిందంటే డేవిడ్‌ని పియాజ్జా దెల్లా సిన్యోరియా అనే చౌరస్తాలోని నకలు దగ్గరే చూసుకోవాలి. (అదీ బాగానే ఉంటుంది, ఎండ మాత్రం మాడ్చేస్తుంది.)

ఇక బస్సు సంగతి. చాలా టూర్లలో రోజూ సీట్లు మారుస్తారు, ముందు సీటు కోసం ఆరు గంటలకే వెళ్లి కర్చీఫ్ వేసే పని ఉండదు. కిటికీ ఎవరిదన్నది ఇద్దరూ మొదటి రోజే తేల్చుకోండి, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. దక్షిణానికి వెళ్తున్నప్పుడు పొద్దున ఎండ ఎడమవైపు కొడుతుంది, మధ్యాహ్నం దాటాక కుడివైపు, కాబట్టి ఎప్పుడు కిటికీ అడగాలో కూడా ఆలోచించి అడగండి. మా ఆయన ఇది నాలుగో రోజు కనిపెట్టారు, అప్పటిదాకా ఎండంతా నాదే.

డ్రైవర్ గంటల లెక్క తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపి తీరాలి, రోజుకి మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. బస్సులో ఉండే టాకోగ్రాఫ్ ఇదంతా రికార్డు చేస్తుంది, కాబట్టి "ఇంకో అరగంట ఉందాం బాబూ" అని బతిమాలితే డ్రైవర్ చేయగలిగేదేమీ లేదు. సియెనాలో మేం పద్నాలుగు నిమిషాలు లేటయ్యాం. పియాజ్జా దెల్ కాంపోలో జెలాటో తింటూ కూర్చుని, లేచి వేరే సందులోకి తిరిగాం, అక్కడ అన్ని సందులూ ఒక్కలాగే ఉన్నాయి మరి. బస్సెక్కేసరికి ముప్ఫై ఎనిమిది మంది మౌనంగా చూశారు, ఆ రోజు సాయంత్రం ఆగాల్సిన ఒక ఫోటో స్టాప్ రద్దయింది. అప్పటి నుంచి నేను చేసేది ఒకటే: బస్సు దిగగానే ఆ చోటుని ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోవడం, ఎదురుగా ఉన్న చర్చినో గేటునో ఒక ఫోటో తీయడం, చెప్పిన టైముకి పది నిమిషాల ముందు అలారం పెట్టడం. పాత ఊళ్ల మధ్యలోకి పెద్ద బస్సుల్ని రానివ్వరు, దించిన చోటు నుంచి ఒక్కోసారి ఇరవై నిమిషాలు నడవాలి, ఆ నడకని కూడా లెక్కలో వేసుకోండి.

హైవే మీద ఆగేది ఎక్కువగా ఆటోగ్రిల్ అనే రోడ్డు పక్క రెస్టారెంట్లలోనే. కొన్నిచోట్ల రోడ్డుకి అడ్డంగా వంతెనలా కట్టి ఉంటాయి. మిలాన్ నుంచి నేపుల్స్‌కి వెళ్లే ఏ1 మీద ఫియొరెన్జువోలా దగ్గర 1959లో కట్టింది ఇటలీలో అలాంటివాటిలో మొదటిది. కాఫీ పద్ధతి మాత్రం గుర్తుంచుకోండి, ముందు కాసా దగ్గర డబ్బు కట్టాలి, వాళ్లిచ్చిన రసీదు తీసుకెళ్లి బార్ కౌంటర్‌లో పెట్టి అడగాలి. ఇక్కడ ఇద్దరు ఉండటం కలిసొస్తుంది, ఒకరు డబ్బు కట్టే లైన్లో, ఇంకొకరు టాయిలెట్ లైన్లో. బస్సులో టాయిలెట్ ఉన్నా అత్యవసరానికే అంటారు, ఒక్కోసారి తాళమే వేసి ఉంటుంది. ఊళ్లలో టాయిలెట్‌కి డబ్బు కట్టాలి, జేబులో చిల్లర నాణేలు ఉంచుకోండి.

ఏ ఊళ్లోనైనా కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. రెస్టారెంట్ బిల్లులో కొపెర్తో అని మనిషికి ఇంత వేస్తారు, అది కూర్చున్నందుకు, టిప్ కాదు. శాకాహారులైతే మొదటి రోజే టూర్ మేనేజర్‌తో చెప్పేయండి. మినెస్ట్రోనే సూప్ కూరగాయలదే అయినా మాంసం రసంతో చేసి ఉండొచ్చు, పార్మెజాన్ చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెనెట్ వాడతారు. చీజ్ అసలు వద్దనుకుంటే పిజ్జా మరినారా అడగండి, టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, అంతే.

టూర్ ధరలో కలవని ఖర్చు ఒకటి హోటల్లో ఎదురవుతుంది, సిటీ టాక్స్. ఊరిని బట్టి, హోటల్ స్థాయిని బట్టి మారుతుంది. రోమ్‌లో ఫోర్ స్టార్ హోటల్‌కి మేం కట్టింది మనిషికి రాత్రికి 7.50 యూరోలు, ఇద్దరికి మూడు రాత్రులకి 45.

ఆప్షనల్ ఎక్స్‌కర్షన్ల (విడిగా డబ్బు కట్టి వెళ్లేవాటి) కాగితం రెండో రోజు బస్సులో చేతికిస్తారు, అప్పటికప్పుడు టిక్కులు పెట్టమంటారు. బయల్దేరక ముందే ఆ జాబితా తెప్పించుకుని ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఉదాహరణకి గొండోలా. వెనిస్‌లో దాని అధికారిక రేటు పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110, అది పడవకి, మనిషికి కాదు. గ్రూపుతో కొంటే మనిషికి ఇంత అని కట్టి, ఎదురుగా ఇంకో ఇద్దరో ముగ్గురో తెలియనివాళ్లతో మోకాళ్లు తగిలించుకుంటూ కూర్చోవాలి. ఇద్దరే ఎక్కాలనుంటే ఖాళీ టైములో నేరుగా గొండోలా స్టాండ్‌కి వెళ్లండి. ఖర్చే, కానీ మీ ఇద్దరే ఉంటారు. పాంపేలో గైడ్ ఉన్న టూర్‌కి మాత్రం డబ్బు కట్టండి, చెప్పేవాళ్లు లేకపోతే అవన్నీ గోడలే.

ఇంకొకటి, ప్రతి చోటికీ ఇద్దరూ కలిసే వెళ్లాలన్న నియమం పెట్టుకోకండి. ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి మీదున్న బ్రునెలెస్కీ గుమ్మటానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, టైము ముందే బుక్ చేసుకోవాలి. మా ఆయన ఎక్కారు, నేను కింద బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పేశా. గంట తర్వాత ఆయనకి చెప్పడానికి ఏదో ఉంది, నాకు వినే ఓపిక వచ్చింది. రాత్రింబవళ్లు పక్కపక్కనే ఉండే ప్రయాణంలో రోజుకి గంటైనా విడిగా ఉండండి. అందుకని ఇద్దరి ఫోన్లలోనూ నెట్ ఉండాలి, ఒక్కరి దగ్గరే అన్ని కార్డులూ పెట్టకూడదు. పాస్‌పోర్టులు పొద్దున బయట పెట్టే పెద్ద పెట్టెలో అసలు వేయకూడదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి తలుపు దగ్గరే ఆపేస్తారు, పల్చటి చున్నీ ఒకటి చేతిసంచిలో ఉంటే ఇద్దరిలో ఎవరికైనా పనికొస్తుంది.

గైడ్ మాటలు వినడానికి మెడలో వేసుకున్న ఇయర్‌పీస్ రేడియోని చివరి రోజు తిరిగిచ్చేయండి, పోతే డబ్బు కట్టించుకుంటారు. షాపింగ్ చేసినవాళ్లకి, ఒకే దుకాణంలో 70.01 యూరోలు, అంతకు మించి కొని పాస్‌పోర్టు చూపించి టాక్స్ ఫ్రీ కాగితం తీసుకుని ఉంటే, యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్లకి కొంత పన్ను వెనక్కి వస్తుంది. అయితే కస్టమ్స్ వాళ్లు వస్తువు చూపించమనొచ్చు, కాబట్టి ఆ పని అయ్యేదాకా ఆ తోలు బ్యాగు ఉన్న పెట్టెని చెక్ ఇన్‌లో వేసేయకండి.