ప్రోగ్రెసివ్ రాక్ వినడం నేర్చుకుందాం – 5: ఏడు లెక్క, తిరిగొచ్చే బాణీ

పోయిన పాఠంలో మెలోట్రాన్ (టేపు మీద రికార్డు చేసిన స్వరాలను పలికించే కీబోర్డు) నాదాన్ని మిగతా వాద్యాల నుంచి వేరుచేసి వినడం సాధన చేశాం. ఈసారి చెవితో పాటు చేతికీ పని ఉంది. పాఠ్యగ్రంథం, పొడవాటి పాటలూ మారే తాళాలూ ఉండే ఈ రాక్ శైలికి చెందిన ఇంగ్లిష్ బృందం జెనిసిస్ 1973లో తెచ్చిన ఆల్బం ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్’. పౌండంటే అక్కడ డబ్బూ, తూకమూ కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అవసరపడుతుంది.

మొదటి పాట పెట్టండి. వాద్యమేదీ లేకుండా బృందం గాయకుడు పీటర్ గేబ్రియల్ ఒంటి గొంతు మొదలవుతుంది. తన దేశం ఎక్కడుందని వెతుక్కునే పాత జానపదంలా ఉంటుంది ఆ ఎత్తుగడ. దాన్ని అయిదారుసార్లు విని, రికార్డు ఆపి, కూనిరాగం తీయండి. తడబడకుండా వచ్చేదాకా ముందుకు వెళ్లవద్దు. ఈ పాటలో ‘గ్రీన్ షీల్డ్’ వీరులు వస్తారు. వాళ్లు ఏ రాజు కొలువులోని వాళ్లో అని చరిత్ర పుస్తకాలు తిరగేయకండి. సరుకులు కొన్నవారికి అప్పట్లో బ్రిటన్ దుకాణాలు ఇచ్చిన బహుమతి స్టాంపుల పేరది!

నడుమ పాటల్లో ‘ది బ్యాటిల్ ఆఫ్ ఎపింగ్ ఫారెస్ట్’ దాదాపు పన్నెండు నిమిషాలు. మాటలు సంగీతాన్ని ఊపిరాడనివ్వవని నా అభిప్రాయం. ప్రస్తుతానికి దాటేయండి.

ఇక ‘ది సినిమా షో’. సుమారు ఆరో నిమిషం దగ్గర పాట ఆగి, వాద్యభాగం ఏడు లెక్కలోకి మారుతుంది. కర్ణాటక సంగీతంతో పరిచయం ఉంటే ఏడు అక్షరాల తాళం మిశ్రచాపు మీకు కొత్త కాదు. ‘తకిట తకధిమి’ అంటూ తొడ మీద తట్టండి. తర్వాత తిరగేసి ‘తకధిమి తకిట’ అనండి. రెంటిలో ఏది హాయిగా అతుకుతుందో మీ చేయే చెబుతుంది. ఫిల్ కాలిన్స్ డ్రమ్ముల అలంకారాల వెంట పడితే లెక్క పోతుంది. అడుగున మళ్లీ మళ్లీ తిరిగే గిటారు వరసను పట్టుకోండి. అది కుదిరాకే టోనీ బ్యాంక్స్ కీబోర్డు వైపు చెవి తిప్పండి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది: ఏడో అక్షరం తర్వాత చేయి కాస్త ఆగుతుంది. ఎనిమిదికి అలవాటుపడ్డ చేయి కదా! రెండు ఆవర్తాలు (తాళం చుట్లు) తిరిగేసరికి మీరొక చోట, పాట మరొక చోట. ఏడు కాగానే ఒకటి, మధ్యలో శ్వాస కూడా వద్దు.

కొన్ని నిమిషాల తర్వాత ఆ పరుగు కరిగిపోతుంది. ఇప్పుడు తట్టడం ఆపి వినండి. మీరు కూనిరాగం తీసిన బాణీయే తిరిగొస్తుంది, ‘ఐల్ ఆఫ్ ప్లెంటీ’ అనే చిన్న పాటగా. దుకాణంలో అరల మధ్య నడవకూ దీవికీ ఇంగ్లిషులో ఒకే ఉచ్చారణ. మాటల్లో సూపర్ మార్కెట్ల పేర్లు చమత్కారంగా దాక్కుని ఉంటాయి. దేశాన్ని వెతికిన రాగం మీద చివరికి ఇంగ్లిష్ గొడ్డుమాంసం తగ్గింపు ధర వినిపిస్తుంది: పౌండు బరువుకు 47 పెన్నీలు.

వారం రోజులు సాధన చేయండి. ఏడు లెక్కలో ఇరవై ఆవర్తాలు తప్పకుండా తట్టగలిగితే, ఇదే ఆల్బంలోని ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ పియానో ఎత్తుగడకు వెళదాం. అక్కడ లెక్క ఒక్కచోట నిలవదు.